గాలి అమ్మే ఊరు

దావోస్ వెళ్లొచ్చానంటే మా తెనాలిలో చలి ఎలా ఉందని ఒక్కడూ అడగలేదు. "ఎన్ని కోట్లు తెచ్చారు?" అన్నారు. పాలబూత్ దగ్గర అన్నారు, బ్యాంకులో అన్నారు, చివరికి మోకాళ్ల డాక్టరు కూడా ఎక్స్‌రేని వెలుతురుకి పట్టుకుని చూస్తూ అదే అన్నాడు. తప్పు వాళ్లది కాదు. తెలుగువాడికి దావోస్ ఊరు కాదు, ఏటా జరిగే ఒక తంతు. కనుమ నాటి గారెలు అరిగేలోపు ముఖ్యమంత్రి విమానమెక్కుతాడు, వారం తిరక్కుండా వేల కోట్లు ప్రకటిస్తాడు, పేపర్లో కోటూ మఫ్లరూ వేసుకుని నవ్వుతున్న ఫొటో పడుతుంది. మిగతా యాభై ఒక్క వారాలు ఆ ఊరివాళ్లు ఏం చేసుకుని బతుకుతారో ఎవరికీ పట్టదు.

అడక్కపోయినా చెబుతాను. టికెట్టు డబ్బులు గిట్టుబాటు కావాలి కదా.

మా అల్లుడు జ్యూరిచ్‌లో ఉద్యోగం చేస్తాడు. ఈసారి సంక్రాంతికి మమ్మల్నే అక్కడికి రప్పించుకున్నాడు. దిగిన రెండో రోజే, "మామయ్య గారూ, చలికాలం స్విట్జర్లాండ్ వచ్చి స్కీయింగ్ చెయ్యకుండా వెళ్తారా? దావోస్ వెళ్దామండీ" అన్నాడు. "బాబూ, నా మోకాళ్లలో గుజ్జు ఎన్టీ రామారావు గారి ప్రభుత్వంతోపాటే పడిపోయింది" అన్నాను. అతను నిరుత్సాహపడే రకం కాదు. ఫోన్‌లో వెతికి, స్కీయింగ్ చెయ్యనివాళ్ల కోసం అక్కడ ఏమేమున్నాయో చదివి వినిపించాడు: స్లెడ్జి, మంచులో నడక, స్కేటింగు, గుర్రబ్బండి, వేణ్ణీళ్ల కొలను. ఆ జాబితా రాసినవాడి గొంతులో ఒక జాలి ఉంది. పెళ్లి భోజనాల్లో షుగరున్నవాళ్లకి ఓ మూల విడిగా బల్ల వేస్తారు చూడండి, సరిగ్గా ఆ జాలి. పాపం వీళ్లు జిలేబీ తినలేరు, రెండు పుల్కాలు పడేద్దాం అన్నట్టు.

నాకు ఒళ్లు మండింది అక్కడే. ఎందుకంటే దావోస్‌ని కట్టింది స్కీలు తొడుక్కున్నవాళ్లు కాదు. పడుకున్నవాళ్లు.

1853లో అలెగ్జాండర్ ష్పెంగ్లర్ అనే కుర్ర డాక్టరు ఈ లోయలో ఉద్యోగానికి వచ్చాడు. మాన్‌హైమ్ నుంచి పారిపోయి వచ్చిన జర్మన్ విప్లవకారుడు. తిరుగుబాటు విఫలమయ్యాక జ్యూరిచ్‌లో వైద్యం చదివాడు. సముద్రమట్టానికి 1,560 మీటర్ల ఎత్తులో అప్పుడున్నది ఆవులూ ఎండుగడ్డీ మంచూ మాత్రమే. ఇక్కడివాళ్లకి క్షయ రావడం లేదని ఆయన గమనించాడు. కారణం ఇక్కడి గాలి అన్నాడు. 1865 ఫిబ్రవరిలో ఇద్దరు జర్మన్ రోగులు నడి చలికాలంలో ఆ కొండెక్కి దిగారు. చలికాలంలో రోగిని కొండ మీదకి తోలడమంటే శ్మశానానికి అడ్డదారి అనుకునే రోజులవి. వాళ్లిద్దరూ చావలేదు, సరికదా కోలుకున్నారు. అంతే, ఊరు గాలికి రేటు కట్టేసింది.

రెండేళ్ల తరవాత విలెమ్ యాన్ హోల్స్‌బోయర్ అనే డచ్చివాడు జబ్బుపడ్డ భార్యను తీసుకుని వచ్చాడు. ఆవిడ కొద్దికాలానికే పోయింది. ఆయన మాత్రం పోలేదు. ష్పెంగ్లర్‌తో కలిసి చికిత్స కోసం పెద్ద భవనం కట్టాడు, 1890కల్లా కింద లాండ్‌క్వార్ట్ నుంచి రైలే రప్పించాడు. సొంత పెళ్లాన్ని కాపాడలేని గాలిని నమ్మి రైలు మార్గం వేసిన మనిషి! పెట్టుబడులు ఆకర్షించడం ఎలాగో మన పరిశ్రమల శాఖవాళ్లు నేర్చుకోవాల్సింది ఈయన దగ్గర.

ఆ రోజుల్లో దావోస్ శీతాకాల క్రీడ ఏమిటంటే, వరండాలో పడక కుర్చీ వేసుకుని, దక్షిణం వైపు తిరిగి, మెడదాకా దుప్పట్లు చుట్టుకుని, గంటల తరబడి కదలకుండా పడుకోవడం. మధ్యమధ్య పాలు, వైను, చన్నీటి ధార. నోట్లో థర్మామీటరు. జేబులో కఫం ఉమ్ముకోవడానికి నీలిగాజు సీసా. నెలలు, ఒక్కోసారి ఏళ్లు. మన ఇళ్లల్లో మధ్యాహ్నం భోంచేసి వాలుకుర్చీలో నడుం వాలిస్తే "ఏం పనీపాటా లేదా" అంటారు. అదే పని దావోస్‌లో చేస్తే చికిత్స.

మనకీ ఉండేది అలాంటి ఊరు. మదనపల్లె పక్కన ఆరోగ్యవరం. 1915 నుంచి అక్కడ టీబీ శానిటోరియం నడిచింది, గాలి మార్పు కోసం ఎక్కడెక్కడి నుంచో రోగుల్ని తీసుకొచ్చేవాళ్లు. మందు లేని రోజుల్లో గాలీ తిండీ విశ్రాంతీ తప్ప డాక్టరు చేతిలో ఏముంటుంది గనక. తేడా అల్లా ఒక్కటే. ఆరోగ్యవరం గాలిని గాలి అనే అనుకుంది. దావోస్ దాన్ని బ్రాండు అనుకుంది.

1940ల్లో స్ట్రెప్టోమైసిన్ వచ్చింది. సూది మందుతో తగ్గే రోగానికి కొండెక్కి ఏళ్ల తరబడి పడుకోవడం ఎందుకు? శానిటోరియాలు ఖాళీ అయ్యాయి. మరో ఊరైతే తాళాలేసుకుని కిందికి దిగిపోయేది. ఈ ఊరు అలాంటిది కాదు. రోగులు రాకపోతేనేం, అదే గాలిని ఆరోగ్యవంతులకి అమ్ముదాం అనుకుంది. ఊరికి మూడొందల మీటర్ల పైన షాట్సాల్ప్ అనే చోట 1900లో తెరిచిన ఖరీదైన శానిటోరియం 1954కల్లా హోటలైపోయింది. అదే కొండ, అదే ఎండ, వరండాలూ అవే. రోగం తీసేసి రేటు ఉంచారు.

స్కీలు మధ్యలో వచ్చిన బాపతు. షెర్లాక్ హోమ్స్‌ని సృష్టించిన కానన్ డాయిల్ క్షయ పట్టిన భార్యతో ఇక్కడుంటూ, 1894 మార్చిలో ఇద్దరు స్థానిక అన్నదమ్ముల వెంట స్కీల మీద కొండ దాటి అరోసా వెళ్లాడు. వాలులో స్కీలు ఊడితే కూర్చున్నపళంగా జారి పంట్లాం అరగదీసుకున్నానని తనే చెప్పుకున్నాడు. స్కీయర్లని తాడుతో పైకి లాగే లిఫ్టు 1934లో వచ్చింది. అప్పటికి ఊరు గాలి వ్యాపారంలోకి దిగి డెబ్బై ఏళ్లు. అంచేత స్కీయర్లూ, మేం చెయ్యనివాళ్లం కాదు. మీరే వెనకొచ్చిన కొమ్ములు.

ఇక స్లెడ్జి సంగతి. ఇదీ ఊపిరితిత్తుల పుణ్యమే. జాన్ ఆడింగ్టన్ సిమండ్స్ అనే ఇంగ్లీషు రచయిత గాలి కోసం వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. ఊరి పిల్లలు, రైతులు చెక్కబండి మీద మంచులో జారడం చూసి ముచ్చటపడి 1883లో పోటీ పెట్టించాడు, కిందనున్న క్లోస్టర్స్‌కి. ఒక ఆస్ట్రేలియా విద్యార్థీ, క్లోస్టర్స్ పోస్ట్‌మ్యానూ సమానంగా మొదటొచ్చారు. పోస్ట్‌మ్యాన్‌కి అది ఆట కాదు, డ్యూటీ. అతను జీతం తీసుకుని చేసే పనికి విదేశీయులు చందా కట్టి క్లబ్బు పెట్టుకున్నారు. పల్లెటూరివాడి అవసరం పట్నంవాడికి ఎప్పుడైతే సరదా అవుతుందో ఆ క్షణాన దానికి టికెట్టు పుడుతుంది. మనవాళ్లు ఎడ్లబండి రిసార్టుల్లో చేస్తున్నది వేరే ఏమన్నానా?

షాట్సాల్ప్ నుంచి ఊళ్లోకి దాదాపు మూడు కిలోమీటర్ల స్లెడ్జి దారి ఉంది. తాడుతో లాగే రైలెక్కి పైకి వెళ్లాం. అద్దెకి తీసుకున్నది అచ్చమైన దావోస్ స్లెడ్జి: చెక్కబద్దలు, కింద ఇనపపట్టీలు, ముందో తాడు. స్టీరింగు లేదు, బ్రేకు లేదు. అద్దెకిచ్చే కుర్రాణ్ణి అడిగితే నా బూట్లు చూపించి, "అవే బ్రేకులు" అన్నాడు. అవే సరిగ్గా ఉంటే దీని మీద ఎందుకు కూర్చుంటానయ్యా అని తెలుగులో అన్నాను. అతను తలూపాడు.

ఏడేళ్ల మనవరాలు ముందు, నేను వెనక. తల మీద మంకీ క్యాపు. మొదటి మలుపు దేవుడు తిప్పాడు. రెండో మలుపులో మనవరాలు "తాతా, ఎడమ కాలు!" అని అరిచింది. అరవై నాలుగేళ్ల జీవితంలో ఎడమ కాలు ఏదో నాకు ఇంత అత్యవసరంగా తెలియాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. రెండూ పెట్టాను. బండి అడ్డం తిరిగింది, మనవరాలు అటు దొర్లింది, నేను మాత్రం నిటారుగా మంచు గుట్టలోకి వెళ్లి నడుందాకా దిగబడ్డాను. మంకీ క్యాపు నిండా మంచు. చెవుల్లో శంఖం ఊదినట్టుంది. అదే సమయానికి ఎనభై ఏళ్లుంటుందేమో, ఒక స్విస్ ముసలావిడ తన స్లెడ్జి మీద వెనక్కి వాలి, ఊయల్లో కూర్చున్నట్టు పక్క నుంచి జారిపోతూ "గ్రూయెత్సి" అని పలకరించి మరీ వెళ్లింది. నమస్కారం పెడదామంటే చేతులు మంచులో ఉన్నాయి.

థామస్ మాన్ నవల 'మ్యాజిక్ మౌంటెన్'లో ఒక ముక్క ఉంది. చలికాలంలో షాట్సాల్ప్ శానిటోరియంలో పోయినవాళ్ల శవాల్ని మంచు బండ్ల మీదే కిందికి దించుతారని ఒక పాత్ర మామూలు విషయంలా చెబుతాడు. ఆ ముక్క నాకు అల్లుడు కిందికి దిగాక చెప్పాడు. ముందు చెప్పి ఉంటే ఆ దారిలో నేనింకా ఉత్సాహంగా కాలు పెట్టేవాణ్ణి. ఆ నవల పుట్టుక మరీ బాగుంటుంది. 1912లో మాన్ భార్య ఇక్కడ చికిత్సలో ఉంటే, చూసిపోదామని మూడు వారాలకి వచ్చాడాయన. జలుబు చేసింది. డాక్టరు ఛాతీ చూసి, "మీకూ మచ్చ ఉంది, ఆర్నెల్లు ఉండిపోండి" అన్నాడు. రోగిని చూడ్డానికొచ్చినవాణ్ణి కూడా అడ్మిట్ చేసుకునే విద్య మన పట్నాల ఆసుపత్రులు కనిపెట్టినదనే ఇన్నాళ్లూ అనుకున్నాను. మాన్ తెలివైనవాడు, బతుకుజీవుడా అని కిందికి దిగి, పన్నెండేళ్లకి లావుపాటి నవల అచ్చేశాడు.

మిగతా సరదాలు గబగబా చెప్పేస్తాను. మంచులో నడక బాగుంటుంది. మంచుని రోలరుతో అణిచి దారి చేసి గులాబీ రంగు బోర్డులు పెడతారు. దానికి టికెట్టు లేదు, అందుకే జాబితాలో అడుగున ఉంటుంది. లోతు మంచులో నడవాలంటే కాళ్లకి చాటల్లాంటివి కట్టుకోవాలి. సెర్టిగ్ లోయకి గుర్రబ్బండి ఉంది. మా తెనాలిలో జట్కాని ట్రాఫిక్‌కి అడ్డమని తోలేశారు, ఇక్కడ చక్రాలు పీకేసి గుర్రానికి గంటలు కట్టి వారసత్వం అంటున్నారు. ఐస్ హాకీ అయితే ఊరికి పిచ్చి. ఏటా క్రిస్మస్ మర్నాటి నుంచి డిసెంబరు ఆఖరుదాకా ష్పెంగ్లర్ కప్పు జరుగుతుంది. మన డాక్టరు గారబ్బాయి కార్ల్ 1923లో మొదలెట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో చంపుకున్న దేశాల కుర్రాళ్లు మళ్లీ స్నేహం చెయ్యాలని ఆశయం. అందుకని వాళ్ల చేతికి కర్రలిచ్చి మంచు మీదకి తోలాడు.

రాత్రి ఫాండ్యూ తినడం కూడా ఒక శీతాకాల కార్యక్రమమే అన్నాడు అల్లుడు. సెగ మీద మట్టిమూకుడులో చీజు కుతకుతలాడుతుంటుంది. పొడుగాటి ముళ్లకి రొట్టెముక్క గుచ్చి అందరూ అందులోనే ముంచుకు తినాలి. మా ఆవిడ ఆ ముల్లు ఒకసారి నోటికీ మరోసారి మూకుడుకీ తిరగడం చూసి, "ఇదంతా ఎంగిలి కాదుటే?" అని కూతురి చెవిలో అడిగింది. రెండు వందల ఏళ్ల పర్యాటక రంగాన్ని ఒక్క ప్రశ్నతో కొట్టిపారేసింది మనిషి. తరవాత ఆవిడ ఉత్త రొట్టె తిని, బిల్లు చూసి మళ్లీ ఆకలేసిందంది.

మంచుని ఈ ఊరు ఎలా దాస్తుందో మాత్రం ఆగి చెప్పాలి. శీతాకాలాలు వెనకటిలా లేవు. మంచు ఎప్పుడు పడుతుందో పూచీ లేదు. కానీ అక్టోబరు ఆఖరుకల్లా పోటీలవాళ్లకి మైదానపు స్కీయింగు దారి తెరవాలి. అందుకని చలికాలంలో గుట్టపోసిన మంచుని ఫ్లూయెలా లోయలో మూరెడు మందాన రంపపుపొట్టు కప్పి వేసవంతా దాచిపెడతారు. ముప్పావు వంతుదాకా మిగులుతుందట. శరదృతువు రాగానే పొట్టు తీసి పరుస్తారు. మంచు, హిమపాతాల మీద పరిశోధన చేసే పెద్ద సంస్థ ఈ ఊళ్లోనే ఉంది, దాని శాస్త్రవేత్తలు లెక్కలు కట్టిన పద్ధతి ఇది. నేను విని లోలోపల నవ్వుకున్నాను. మా చిన్నప్పుడు సోడాకొట్టు ముందు ఐసుదిమ్మని గోనెసంచిలో, పొట్టులో పాతిపెట్టి మే నెల గడిపేసేవాడు సాయిబు. అతన్ని ఎవరూ శాస్త్రవేత్త అనలేదు. మధ్యాహ్నానికి దిమ్మ కరిగిపోతే పోయింది తన డబ్బే.

ఇంతవరకూ ఆటలో అరటిపండ్లు. దావోస్‌లో స్కీయింగు కాని అసలు శీతాకాల క్రీడ మేం వెళ్లేసరికి ఇంకా మొదలవలేదు, పందిరి వేస్తున్నారు.

ప్రొమెనాడ్ అని ఊరి పొడుగూతా ఒకటే పెద్ద వీధి. సంక్రాంతి నాడు ఆ వీధిలో నడుస్తుంటే సుత్తిదెబ్బలు తప్ప ఏమీ వినపడలేదు. ఒక బూట్ల దుకాణంలో అట్టపెట్టెలన్నీ వ్యానులోకి ఎక్కిస్తున్నారు. లోపల వడ్రంగులు గోడకి గోడ కడుతున్నారు, పైన ఏదో కంపెనీ బోర్డు లేస్తోంది. దివాలా తీశాడేమో పాపం అనుకున్నాను. యజమాని గుమ్మంలో నిలబడి కాఫీ తాగుతున్నాడు, ముఖంలో దివాలా కళ లేదు. అల్లుడు జర్మన్‌లో కదిపితే చెప్పాడు: వచ్చే వారం జరిగే వరల్డ్ ఎకనామిక్ ఫోరం సదస్సుకి కొట్టు అద్దెకిచ్చేశాడు. ఆ ఒక్క వారం అద్దె ముందు చలికాలమంతా మంచు బూట్లు అమ్మడం దండగ అన్నాడు. స్కీ బూట్లు అమ్మేవాడికే స్కీయింగు గిట్టుబాటు కాని ఊరు.

1971లో క్లాస్ ష్వాబ్ అనే ప్రొఫెసరు యూరప్ మేనేజర్లు నాలుగైదు వందలమందిని ఇక్కడికి పిలిచి మాట్లాడించాడు. అదే 1987లో వరల్డ్ ఎకనామిక్ ఫోరం అని పేరు మార్చుకుంది. మాటల వ్యాపారం ఊరికి అంతకుముందూ తెలుసు. 1928లో ఐన్‌స్టీన్ వచ్చి ఉపన్యాసం ఇచ్చాడిక్కడ. అది జబ్బుతో చదువు మానేసి ఈ కొండ మీద పడున్న విద్యార్థుల కోసం పెట్టిన కోర్సు. ఇప్పుడు వినేవాళ్లకి జబ్బు లేదు. ఉన్నా ఒప్పుకోరు.

ఈ క్రీడకి కావలసిన సామగ్రి తక్కువ. మెళ్లో బ్యాడ్జీ, అరికాళ్లకి జారకుండా ముళ్ల పట్టీలు. ఏ రంగు బ్యాడ్జీకి ఏ తలుపు తెరుచుకోవాలో లెక్క ఉంది. మన పెళ్లిళ్లలో మగపెళ్లివారి పంక్తికీ, పిలవని పేరంటపు పంక్తికీ ఉన్నంత తేడా. కాపలాకి స్విస్ సైన్యం ఐదువేలమందిదాకా దిగుతుంది. ఊరి జనాభా పదకొండు వేలకి అటూఇటూ. అంటే ఊళ్లో ప్రతి ఇద్దరికీ ఒక సైనికుడు. సొంత విమానంలో వచ్చి, హెలికాప్టరులో కొండెక్కి, వేడిగదిలో కూర్చుని భూమి వేడెక్కిపోతోందని బాధపడటం ఈ ఆటలో అందరికీ ఇష్టమైన అంకం. దాని మీద చాలామంది రాశారు, నేను కొత్తగా ఏడవక్కర్లేదు.

నా ఏడుపు మన జట్ల గురించి. చంద్రబాబు గారు తొంభైల నుంచి ఆడుతున్న సీనియర్ ఆటగాడు. కేటీఆర్ మంత్రిగా ఉండగా ఆడారు. కోవిడ్ వల్ల సదస్సు 2022లో మే నెలకి జరిగితే జగన్ గారు మంచు కరిగాక వెళ్లి కూడా లక్షా పాతికవేల కోట్లు చెప్పించారు. రేవంత్ రెడ్డి గారు గద్దెనెక్కిన మరునెలలోనే, 2024 జనవరిలో, మైదానంలోకి దిగి నలభై వేల కోట్ల పైన స్కోరు చేశారు. 2025లో అది లక్షా డెబ్భై ఎనిమిది వేల కోట్లు దాటింది. ఏడాదిలో నాలుగింతలు. ఆల్ప్స్‌లో మంచు కూడా అంత జోరుగా పడదు.

ఎవరు ప్రతిపక్షంలో ఉంటే వాళ్లు "ఆ కోట్లేవీ?" అంటారు. అధికారంలోకి రాగానే ఉన్నికోటు కుట్టించుకుంటారు. ఈ విషయంలో తెలుగు రాజకీయాల్లో ఉన్నంత ఏకాభిప్రాయం తిరుపతి లడ్డూ మీద కూడా లేదు.

ఇందులో నాకు నచ్చే ముచ్చట ఇంకోటుంది. ఆ ఒప్పందాలు చేసుకున్న కంపెనీల్లో హైదరాబాదువీ ఉన్నాయి. 2022లోనూ ఉన్నాయి, 2025లోనూ ఉన్నాయి. అమ్మాయిది అమీర్‌పేట, అబ్బాయిది అమీర్‌పేట, నిశ్చయ తాంబూలాలు ఆల్ప్స్‌లో. మన డబ్బున్నవాళ్లు ఈమధ్య పిల్లల పెళ్లిళ్లు ఇలాగే చేస్తున్నారు, దాన్ని డెస్టినేషన్ వెడ్డింగ్ అంటారు. కంపెనీ ఆఫీసు నుంచి సచివాలయానికి ఆటోలో అరగంట, ట్రాఫిక్ ఉంటే గంట. కానీ సచివాలయంలో సంతకం పెడితే వెనక మంచు కొండలుండవు. అవగాహన ఒప్పందం అంటే చట్టం దృష్టిలో తాంబూలమే, తాళి కాదు. పెళ్లి ఎప్పుడని అడిగితే, ఏ ప్రభుత్వాన్ని అడగండి, ఒకటే మాట: "గ్రౌండింగ్ జరుగుతోంది." అంటే పైన ఉన్నది ఇంకా నేల మీదకి దిగుతూ ఉందని.

ష్పెంగ్లర్ కాలం రోగి కనీసం తన గాలికి తన డబ్బు కట్టాడు. దగ్గు తగ్గిందో లేదో తనకే తెలిసేది. ఈ గాలికి బిల్లు కట్టేది మనం. తగ్గిందో లేదో తేల్చేది మళ్లీ ఏడాది వెళ్లబోయేవాళ్లు.

జ్యూరిచ్‌లో తెలుగువాళ్లతో ముఖ్యమంత్రి భేటీ జరిగినప్పుడు మా అల్లుడూ వెళ్లొచ్చాడట. ఎలా జరిగిందన్నాను. "పులిహోర బావుందండీ మామయ్య గారూ" అన్నాడు. అంతకంటే నిష్పాక్షికమైన సమీక్ష నేను ఏ పత్రికలోనూ చదవలేదు.

తిరుగు ప్రయాణానికి దావోస్ ప్లాట్జ్ స్టేషన్లో ఎర్ర రైలెక్కాం. పెట్టెలో వెచ్చగా ఉంది. రైలు కదలకముందే మనవరాలు నీళ్లన్నీ తాగేసి, ఖాళీ ప్లాస్టిక్ సీసాకి మూత గట్టిగా బిగించి, "తాతా, ఇందులో దావోస్ గాలి ఉంది. తెనాలి తీసుకెళ్లు" అంది. నా కోట్ల సంగతి అడిగేవాళ్లకి చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి కదా అని పుచ్చుకున్నాను.

రైలు వోల్ఫ్‌గాంగ్ దగ్గర కాస్త ఎక్కి, అక్కణ్ణించి వంకర్లు తిరుగుతూ దిగడం మొదలెట్టింది. క్లోస్టర్స్ దాటేసరికి సీసా చిన్నగా టక్కుమంది. లాండ్‌క్వార్ట్‌లో దిగేటప్పుడు చూస్తే రెండు పక్కలా సొట్టలు. వెయ్యి మీటర్లు దిగాం. జ్యూరిచ్‌లో ఇంకో సొట్ట. మనవరాలు దిగులుపడింది. విమానం ఎక్కి గాల్లోకి లేచాక బ్యాగు తీసి చూద్దును కదా, సొట్టలన్నీ పోయి సీసా నిండుగా, గర్వంగా ఉబ్బి ఉంది. వెంటనే ఫొటో తీసి మనవరాలికి పంపడానికి దాచాను.

శంషాబాద్‌లో దిగేసరికి మళ్లీ టక్కుమంది. తెనాలిలో సామాన్లు విప్పుతూ మా ఆవిడ దాన్ని చూసి, "ఈ నొక్కుకుపోయిన సీసా అక్కణ్ణించి మోసుకొచ్చారా?" అని పాతసామాన్ల సంచిలో పడేసింది.